వెనక్కి లాగిందెవరు?

ఇంగ్లీషులో ‘విత్‌డ్రా’ అనే క్రియ ఒకటి వుంది. వెనక్కి లాగడం, వెనక్కి తీసుకోవడం, వెనక్కి జరగడం స్థూలంగా దాని అర్థాలు. బ్యాంకులో డబ్బు తీస్తే విత్‌డ్రా. ఎన్నికల్లో పోటీనుంచి తప్పుకుంటే విత్‌డ్రా. అన్న మాట వెనక్కి తీసుకున్నా, పెట్టిన కేసు మానుకున్నా, పరాయి దేశంలోంచి సైన్యం వెళ్ళిపోయినా, సమ్మె ఆగిపోయినా ఇంగ్లీషువాడికి ఈ ఒక్క క్రియ చాలు. తాగుడు మానినవాడికి చేతులు వణికితే దానికీ ఇదే మాట. మనిషి నలుగురితో కలవకుండా తనలోకి తాను ముడుచుకుపోతే దానికీ ఇదే మాట. అది వాళ్ళ భాష, వాళ్ళ అలవాటు. దానిమీద మనకు తగాదా ఏమీ లేదు.

మన తగాదా దానికి తెలుగులో జరుగుతున్న తర్జుమాతో. పత్రికలవాళ్ళూ, ప్రభుత్వ ప్రకటనలు రాసేవాళ్ళూ, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళూ చాలామంది ఈ క్రియ ఎక్కడ కనపడినా, దాని చుట్టాలు ఎక్కడ కనపడినా, కళ్ళు మూసుకుని ‘ఉపసంహరణ’ అని రాసేస్తున్నారు. చట్టాల ఉపసంహరణ, సేనల ఉపసంహరణ, నోట్ల ఉపసంహరణ, పెట్టుబడుల ఉపసంహరణ, ఆందోళన ఉపసంహరణ. ఇది కేవలం బద్ధకం అయితే వ్యాసం రాయనక్కరలేదు. కాని ఈ బద్ధకంవల్ల ఎప్పుడూ ఒక పక్షానికే లాభం కలుగుతూ వుంది. ఓడినవాడు ఓడినట్టు కనపడడు. అమ్మినవాడు అమ్మినట్టు కనపడడు. వెనక్కి లాగింది ఎవరో అసలే కనపడదు. కనక ఇది వ్యాకరణం తగాదా కాదు.

ముందు ఇంగ్లీషు మాటనే చూద్దాం. దానిలో రెండు ముక్కలున్నాయి. రెండోది ‘డ్రా’, అంటే లాగడం. మొదటి ముక్క ‘విత్’. ఈనాటి ఇంగ్లీషులో దాని అర్థం ‘తో’, ‘కలిసి’ అని బడిపిల్లలకు కూడా తెలుసు. కాని ప్రాచీన ఇంగ్లీషులో దాని అర్థం ‘ఎదురుగా’, ‘వ్యతిరేకంగా’ అని. తట్టుకుని నిలబడడం అనే అర్థంలో ‘విత్‌స్టాండ్’, ఇవ్వకుండా పట్టి వుంచడం అనే అర్థంలో ‘విత్‌హోల్డ్’ అనే మాటల్లో ఆ పాత అర్థమే మిగిలి వుంది. కనక పుట్టుకలో ‘విత్‌డ్రా’ అంటే ఎదురు దిక్కుకి లాగడం. అటు ఒక లాగుడు వుంటేనే ఇటు ఒక లాగుడు వుంటుంది. ఇద్దరు మనుషులో, రెండు బలాలో లేనిదే ఈ క్రియ పుట్టదు. ఈ సంగతి ఇంగ్లీషువాళ్ళలో చాలామంది మరచిపోయారు. తర్జుమా చేసే మనం మరచిపోకూడదు.

ఈ మాటకు మరో చరిత్ర కూడా వుంది. మన మధ్యతరగతి ఇళ్ళలో కూడా ‘డ్రాయింగ్ రూం’ అనే మాట వినపడుతుంది. అది బొమ్మలు గీసుకునే గది కాదు. దాని అసలు పేరు ‘విత్‌డ్రాయింగ్ రూం’. ఇంగ్లండులో ప్రభువుల ఇళ్ళలో, పదిమందీ మసిలే పెద్ద సావడినుంచి యజమానులు తప్పుకుని కూర్చునే గది అది. తరవాత కాలంలో, భోజనాలయ్యాక మగవాళ్ళను మద్యంతో వదిలి ఆడవాళ్ళు వెళ్ళి కూర్చునే గది అయింది. పదిహేడో శతాబ్దంలో ముందు ముక్క అరిగిపోయి ‘డ్రాయింగ్ రూం’ మిగిలింది. ఇందులో గమనించవలసింది ఒక్కటే. తప్పుకోవడానికి వేరే గది వున్నవాడే హాయిగా తప్పుకోగలడు. వంటవాడికీ, గుర్రాలు తోమేవాడికీ తప్పుకునే గది లేదు. ఎవరు, ఎక్కడికి, ఏ బలంతో తప్పుకుంటున్నారు అనే ప్రశ్న ఈ క్రియను మొదటినుంచీ వెంటాడుతూనే వుంది.

ఇక మన ‘ఉపసంహారం’ సంగతి. ఈ మాట మనకు కావ్యాలనుంచీ పురాణాలనుంచీ వచ్చింది. భారతంలో సౌప్తిక పర్వం చదివినవాళ్ళకు దీని బలం తెలుసు. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు. అర్జునుడూ ప్రత్యస్త్రం వేశాడు. లోకం తగలబడిపోయే స్థితి వస్తే మహర్షులు అడ్డం వచ్చారు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించాడు. అశ్వత్థామకు వేయడం తెలుసుగాని ఉపసంహరించడం చేతకాలేదు. దాన్ని పాండవుల ఆడవాళ్ళ గర్భాలమీదికి మళ్ళించాడు. అంటే ఉపసంహారం అనేది బలవంతుడి విద్య. వేసినవాడికి తిరిగి తీసుకునే శక్తీ, నిగ్రహమూ వుండాలి. లోకంమీద దయ కూడా వుండాలి. ఓడిపోయి వెనక్కి వచ్చినవాణ్ణి ఏ కవీ ‘ఉపసంహరించాడు’ అనలేదు.

ఈ గౌరవం అంతా ఆ మాటకు ఇప్పటికీ అంటిపెట్టుకుని వుంది. కనక దాన్ని వాడితే తగిన చోట వాడాలి. ఒక అభ్యర్థి తాను వేసిన నామినేషన్‌ను తానే వెనక్కి తీసుకుంటే అది ఉపసంహరణ. ఒక మంత్రి తాను సభలో పెట్టిన బిల్లును సభ అనుమతితో తిరిగి తీసుకుంటే అదీ ఉపసంహరణే. ఇటువంటి చోట్ల పారిభాషిక పదంగా దానికి ఎవరూ అడ్డు చెప్పరు. అడ్డు చెప్పవలసిన చోట్లు వేరే వున్నాయి.

మొదటిది సాగు చట్టాలు. 2020 జూన్‌లో ఆర్డినెన్సులుగా వచ్చి సెప్టెంబరులో చట్టాలైన మూడింటికి వ్యతిరేకంగా, 2020 నవంబరు 26 నుంచి ఢిల్లీ సరిహద్దుల్లో సింఘూ, టిక్రీ, ఘాజీపూర్‌ల దగ్గర రైతులు కూర్చున్నారు. ఒక చలికాలం, ఒక ఎండాకాలం, ఒక వర్షాకాలం గడిచాయి. ఏడువందల మందికి పైగా చనిపోయారని రైతు సంఘాలు లెక్క చెప్పాయి. తన దగ్గర లెక్కే లేదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. 2021 నవంబరు 19న ప్రధానమంత్రి టెలివిజన్‌లో కనపడి చట్టాలను వెనక్కి తీసుకుంటున్నామన్నాడు. కొందరు రైతులకు నచ్చజెప్పలేకపోయామన్నాడు. నవంబరు 29న ఉభయ సభల్లోనూ చర్చ లేకుండానే రద్దు బిల్లు నెగ్గింది.

‘రద్దు బిల్లు’ అని ఎందుకంటున్నానంటే, దాని పేరే అది. పార్లమెంటు ఆమోదం పొంది చట్టమైనదాన్ని ఉపసంహరించడం అనేది లేనే లేదు. బిల్లును ఉపసంహరించవచ్చు, చట్టాన్ని రద్దు చేయాలి. రైతులు మొదటినుంచీ అడిగిందీ రద్దే. రాజ్యాంగ ప్రక్రియ ప్రకారం జరిగిందీ రద్దే. అయినా ‘సాగు చట్టాల ఉపసంహరణ’ అని మన భాషలో ఎందుకు రాశారు? అలా రాస్తే ఏడాది పాటు రోడ్డుమీద కూర్చున్న రైతు ఆ వాక్యంలోంచి మాయమవుతాడు. వాక్యంలో మిగిలేది ప్రభుత్వం ఒక్కటే. తానే అస్త్రం వేసింది, లోకంమీద దయతలచి తానే తిరిగి తీసుకుంది. అర్జునుడి కీర్తి కాస్తా ఢిల్లీ ప్రభువుకు చేరిపోయింది. ‘ప్రభుత్వం వెనక్కి తగ్గింది’ అని రాసి వుంటే, ఎవరిని చూసి తగ్గింది అని చిన్నపిల్లవాడు కూడా అడిగి వుండేవాడు. ఆ ప్రశ్న పుట్టకుండా చూడడమే ‘ఉపసంహరణ’ చేసే పని.

ఆ ప్రకటన వచ్చిన మూడు రోజులకే, నవంబరు 22న, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మూడు రాజధానుల చట్టాన్ని రద్దు చేస్తూ బిల్లు నెగ్గింది. ఇంతకంటే మెరుగైన బిల్లు మళ్ళీ తెస్తామని ముఖ్యమంత్రి సభలోనే చెప్పాడు. ఎవరి వాదం మంచిదని ఇక్కడ నేను తేల్చడం లేదు. చట్టమైపోయినదాన్ని ‘బిల్లు ఉపసంహరణ’ అని పిలవడంలోని సౌకర్యం గురించే చెప్తున్నాను. ఉపసంహరించిన అస్త్రం అంబులపొదిలోనే వుంటుంది. కావలసినప్పుడు మళ్ళీ తీయవచ్చు. రద్దు అంటే మళ్ళీ మొదటినుంచీ ప్రజలకు జవాబు చెప్పుకుంటూ రావాలి. ఏలేవాళ్ళకు ఏ మాట ఇష్టమో వేరే చెప్పనక్కరలేదు.

రెండోది డబ్బు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్ల చెల్లుబాటును ప్రభుత్వం విత్‌డ్రా చేసింది. ఆ వెంటనే జనం తమ డబ్బును తాము విత్‌డ్రా చేసుకోవడంమీద ఆంక్ష పెట్టింది. మొదట్లో ఏ.టి.ఎం.లో రోజుకు 2000, బ్యాంకు కిటికీ దగ్గర వారానికి 20 వేలు. ఒకే క్రియ. ఏలేవాడు చేస్తే అది చరిత్రాత్మక నిర్ణయం, కూలివాడు చేస్తే దానికి పరిమితి, వరస, గుర్తింపు కార్డు. రద్దయిన నోట్లలో 99 శాతానికి పైగా తిరిగి బ్యాంకులకు చేరాయని 2018లో రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. నల్లధనం నోట్ల రూపంలో మురిగిపోతుందన్న మాట ఏమైనట్టు? ఆ మాటను మాత్రం ఎవరూ ఉపసంహరించలేదు. నిజంగా ఆ క్రియ వాడవలసిన చోటు అదొక్కటే.

మూడోది మన గుమ్మంలోది. 2021 జనవరి 27న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటాను నూటికి నూరుపాళ్ళూ వదిలించుకోవడానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. దీనికి తెలుగులో స్థిరపడ్డ పేరు ‘పెట్టుబడుల ఉపసంహరణ’. ఇక్కడి ఇంగ్లీషు మాట మన క్రియ కాదు, దాని చుట్టం మాత్రమే. అయినా తెలుగులో దానికీ అదే చొక్కా తొడిగారు. ఈ చొక్కా చేసే మోసం చూడండి. పెట్టుబడి ఉపసంహరించుకున్నాడు అంటే ఒక షావుకారు తన సొమ్ము ఒక వ్యాపారంలో పెట్టి, లాభసాటిగా లేదని తన సొమ్ము తాను తీసుకుపోయాడని అర్థం. ఇక్కడ సొమ్ము ఎవరిది? భూములిచ్చిన రైతులది, పన్నులు కట్టిన జనానిది, 1966లో ఆ ఫ్యాక్టరీ కోసం వీధికెక్కి తుపాకి గుళ్ళకు ఎదురునిలిచినవాళ్ళది. ఒకరి సొమ్మును మరొకరు మూడోవాడికి ధరకట్టి ఇస్తే దాన్ని తెలుగులో అమ్మకం అంటారు. సొంతదారును అడగకుండా ఇస్తే దానికి వేరే పేరు కూడా వుంది. కేంద్రంలో ఈ పనికోసం పెట్టిన శాఖ పేరులోంచి, 2016లో, ‘డిజిన్వెస్ట్‌మెంట్’ అనే మాటే ఎగిరిపోయి ‘పెట్టుబడులు, ప్రజా ఆస్తుల నిర్వహణ’ అని మారింది. అంటే మాటల విలువ వాళ్ళకు తెలుసు. తెలియనిది మనకే.

నాలుగోది సైన్యాలు. 1973 మార్చి 29న అమెరికా పోరాట దళాల్లో చివరివి వియత్నాం వదిలాయి. రెండేళ్ళు తిరిగేసరికి, 1975 ఏప్రిల్ 30న, సైగాన్ పడిపోయింది. 2001లో ఆఫ్ఘనిస్తాన్‌లో దిగిన అమెరికా సైన్యం 2021 ఆగస్టు 30న చివరి విమానం ఎక్కింది. తాలిబాన్లు కాబూల్‌లోకి వచ్చి అప్పటికే పక్షం రోజులైంది. ఈ రెండూ తెలుగులో ‘సేనల ఉపసంహరణ’లే. వియత్నాంలో వాళ్ళను వెళ్ళగొట్టింది ఒక పీడిత జాతి విముక్తి పోరాటం. ఆఫ్ఘనిస్తాన్‌లో వాళ్ళ స్థానంలోకి వచ్చింది ఆడపిల్లల బడులు మూయించిన ముష్కర మూక. ఈ రెంటికీ హస్తిమశకాంతరం వుంది. ఒకే మాట వేసేస్తే ఆ తేడా పోతుంది. పోవడమే సామ్రాజ్యవాదికి కావాలి. వియత్నాంలో తాను ఓడినట్టు చెప్పనక్కరలేదు, ఆఫ్ఘనిస్తాన్‌లో ఇరవై ఏళ్ళు ఏం చేశాడో కూడా చెప్పనక్కరలేదు.

ఇంతవరకూ ఏలేవాళ్ళ వాడుక చూశాం. కాని ఈ క్రియను పనివాళ్ళు కూడా వాడారు. మన విద్యార్థులు తప్పకుండా తెలుసుకోవలసిన వాడుక అది. ఇంగ్లండులో సమ్మెకు మరో పేరు ‘విత్‌డ్రాయల్ ఆఫ్ లేబర్’, అంటే శ్రమను వెనక్కి తీసుకోవడం. ఈ మాటలో ఎంత అర్థశాస్త్రం వుందో చూడండి. వెనక్కి తీసుకోవాలంటే ముందు అది తనదై వుండాలి. యంత్రం యజమానిది, గని యజమానిది, చట్టం యజమానిది. కాని శ్రమ నాది, నేను లాగేసుకుంటే నీ యంత్రం ఇనపముక్క అని చెప్పడమే సమ్మె. ఈ క్రియకు ఇంతకంటే ధర్మమైన వాడుక ప్రపంచంలో లేదు.

1926లో బ్రిటిష్ గని యజమానులు కూలి తగ్గించి పనిగంటలు పెంచుతామన్నారు. ఒప్పుకోని దాదాపు పది లక్షల గని కార్మికులను గనుల్లోకి రానివ్వలేదు. వాళ్ళకు తోడుగా మే 4న సార్వత్రిక సమ్మె మొదలైంది. రైళ్ళు, అచ్చాఫీసులు, రేవులు ఆగిపోయాయి. తొమ్మిదో రోజున, మే 12న, కార్మికులు చెదరకుండా నిలబడి వుండగానే, ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు నాయకులు వెళ్ళి సమ్మె విత్‌డ్రా చేశారు. గని కార్మికులు ఒంటరిగా చలికాలం దాకా పోరాడి, ఆకలికి ఓడి, తక్కువ కూలికి దిగారు. మరుసటి ఏడే సానుభూతి సమ్మెలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. శ్రమను వెనక్కి తీసుకున్నది లక్షలమంది. సమ్మెను వెనక్కి తీసుకున్నది గదిలో కూర్చున్న కొద్దిమంది. క్రియ ఒక్కటే, కర్తలు వేరు. కర్తను చూడకుండా క్రియను తర్జుమా చేసేవాడికి ఈ చరిత్ర ఎలా అర్థమవుతుంది?

మన దగ్గర 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు, 48 వేల మందికి పైగా, సమ్మెకు దిగారు. గడువులోగా పనిలోకి రానివాళ్ళు తమను తామే ఉద్యోగాలనుంచి తొలగించుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. ఈ వాక్యాన్ని వ్యాకరణం తరగతిలో పాఠంగా చెప్పాలి. తీసేసేవాడు కనపడకుండా, తీసివేయబడినవాణ్ణే కర్తగా నిలబెట్టిన వాక్యం అది. శ్రమను వెనక్కి తీసుకున్నామని కార్మికుడు చెప్తే, నువ్వు వెనక్కి తీసుకున్నది నీ ఉద్యోగాన్నే అని ఏలిక జవాబు చెప్పాడు. 52 రోజుల తరవాత, నవంబరు 25న సమ్మె ముగిసిందని సంఘాలు ప్రకటించాయి. మర్నాడు పనికి వెళ్ళినవాళ్ళను డిపోల దగ్గర ఆపారు. మూడు రోజులకు గాని చేర్చుకుంటామనే మాట రాలేదు. ఆర్.టి.సి. సిబ్బందిని ప్రభుత్వంలో కలపడం అసంభవమని అప్పుడు చెప్పిన ప్రభుత్వమే, 2023 ఆగస్టులో, వాళ్ళను ప్రభుత్వ సర్వీసులోకి తీసుకునే బిల్లును శాసనసభలో నెగ్గించింది. కార్మికుడు ఆగితే ‘సమ్మె విరమణ’ అని పెద్దక్షరాల్లో వేస్తాం. ప్రభుత్వం తగ్గితే ‘కానుక’ అంటాం. ఈ తూకం ఎక్కడ నేర్చుకున్నాం?

ఇక మనవాళ్ళ సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. వామపక్షం కూడా ఈ మాటల చాటున దాక్కోవడం నేర్చుకుంది. ‘తాత్కాలిక విరమణ’, ‘వ్యూహాత్మక వెనుకంజ’, ‘పోరాట రూపం మార్పు’ అని తీర్మానాల్లో రాస్తాం. 1951 అక్టోబరులో తెలంగాణా సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ విరమించింది. సుమారు మూడు వేల గ్రామాల్లో దొరల పెత్తనం కూల్చి, పది లక్షల ఎకరాలు పంచిన పోరాటం అది అని సుందరయ్య గారు తమ గ్రంథంలో లెక్క చెప్పారు. విరమించడం ఒప్పా, తప్పా, ఆలస్యమా, తొందరా అనే తర్కం ఏడు దశాబ్దాలు దాటినా తెగలేదు. తెగకపోవడానికి ఒక కారణం ఏమంటే, ఆ ఒక్క మాట కింద చాలా సంగతులు కలిసిపోయాయి. సైన్యం నిర్బంధానికి ఎంత తగ్గాం, జనం అలసటకు ఎంత తగ్గాం, నాయకత్వంలోని భేదాలవల్ల ఎంత తగ్గాం, ఎన్నికల ఆశతో ఎంత తగ్గాం అని విడివిడిగా చెప్పుకుని వుంటే, తరవాతి తరానికి పాఠం మిగిలేది. ‘విరమణ’ అని ఒక్క మాట మిగిల్చారు గనక వాదం మిగిలింది.

వెనక్కి తగ్గడం నేరం కాదు. దాన్ని వేరే పేరుతో పిలవడం నేరం. 1921లో నూతన ఆర్థిక విధానం తెచ్చినప్పుడు లెనిన్ దాన్ని ముందడుగు అని చెప్పలేదు. ఇది వెనుకంజే, పెట్టుబడిదారీకి కొంత చోటు ఇస్తున్నాం అని తన పార్టీకి మొహంమీదే చెప్పాడు. 1922లో పదకొండో మహాసభలో, వెనకంజ వేసింది చాలు, ఇక ఆగుదాం అన్నాడు. ఎక్కడినుంచి ఎక్కడిదాకా తగ్గామో తెలిసినవాడే ఎక్కడ ఆగాలో చెప్పగలడు. తగ్గనే లేదని చెప్పుకునేవాడు ఆగడం కూడా చేతకాక జారిపోతూనే వుంటాడు.

ఇంత రాద్ధాంతం ఎందుకు, పత్రికలో శీర్షికకు చోటు చాలదు, తొందరలో ఏ మాట దొరికితే ఆ మాట వేస్తారు అని ఒక వాదం వుంది. లెక్క చూద్దాం. ‘ఉపసంహరణ’కు ఆరక్షరాలు. ‘రద్దు’కు రెండు. ‘అమ్మకం’కు మూడు. ‘ఓటమి’కీ మూడే. చోటు చాలకపోతే వీటినే వేసేవాళ్ళు. ఆరక్షరాలకు చోటుండి మూడక్షరాలకు చోటు లేకపోవడం అచ్చు యంత్రం లోపం కాదు.

ఒక ఇంగ్లీషు మాటకు ఒకే తెలుగు మాట వుంటే భాష స్థిరపడుతుంది అని మరో వాదం వుంది. చట్టసభ కార్యక్రమాల్లో అది నిజమే కావచ్చు. కాని బతుకులో నిజం కాదు. తగ్గడం, తప్పుకోవడం, తోక ముడవడం, జంకడం, విరమించడం, మానుకోవడం, కాళ్ళకు బుద్ధి చెప్పడం, లాక్కోవడం, రద్దు చేయడం, అమ్ముకోవడం: తెలుగు జనం ఇన్ని క్రియలు చేసి పెట్టుకున్నది విలాసానికి కాదు. ఎవరు ఎందుకు వెనక్కి పోయారో తేల్చి చెప్పడానికి. ఇన్ని వుండగా అన్నిటినీ అటకెక్కించి ఒకే సంస్కృత సమాసంతో సరిపెట్టుకునేవాడు భాషను స్థిరపరచడం లేదు, దాని నోరు నొక్కుతున్నాడు.

కనక తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ, అనువాదం చేసే విద్యార్థులకూ నేను చెప్పేది ఇదే. ‘విత్‌డ్రా’ కనపడినప్పుడు నిఘంటువు తెరవకముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. వెనక్కి పోయినదేది? అది అంతకుముందు ఎవరిది? ఎదురుగా నిలబడి లాగినవాడెవడు? వీటికి జవాబు దొరికితే తెలుగు మాట దానంతట అదే దొరుకుతుంది. తానే తీసుకున్నదైతే ఉపసంహరణ అనండి. జనం లాగితే వచ్చినదైతే, లాగిన జనాన్ని వాక్యంలోకి తీసుకురండి. ఢిల్లీ రోడ్డుమీద ఏడాది కూర్చున్న రైతుకు కనీసం వాక్యంలో చోటు ఇవ్వలేనివాళ్ళం, దేశంలో చోటు ఇప్పిస్తామని చెప్తే ఎవరు నమ్ముతారు?